అతిమధురం పలక కింద

ఆయుర్వేద శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈమధ్య అదే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మార్కాపురంలో మా ఇంటికి వచ్చి, సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పమన్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బును నేను చిటికెడు చూర్ణంతో కుదిర్చిన ముచ్చట ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటిది నా దగ్గర లేదు. ఉన్నదల్లా ఒక తోట కథ. అది విని వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వడం అయ్యాక ఒకడు కాస్త భయంగా, "నాకు కూడా మొక్కలు తెలీవు సార్" అన్నాడు. వాడి కోసమే ఇది రాస్తున్నాను.

అప్పటికి నాకు యాభై దాటాయి. పుల్లలచెరువు దాటి అడవి వైపు పోతే వచ్చే ఒక ఊళ్ళో ఉన్న ఆయుర్వేద ఆస్పత్రికి బదిలీ చేశారు. ఆస్పత్రి అంటే పంచాయతీ వాళ్ళు వదిలేసిన రెండు గదులు. వెనక అర ఎకరం రాళ్ళ నేల, చుట్టూ రేగు కంప. ఊరికి రోజు మార్చి రోజు నీళ్ళ ట్యాంకరు వచ్చేది. ఆ రోజు జబ్బు మనుషులు కూడా ఆస్పత్రికి రారు, బిందెల వరసలో ఉంటారు.

మేము ముగ్గురం. డాక్టరమ్మ తెనాలి వైపు అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఏ జబ్బు పేరు చెప్పినా ముందు ఒక శ్లోకం చదివేది, తర్వాత నాడి చూసేది. అటెండరు మార్కాపురం సాయిబు, దాదాపు నా ఈడువాడే. పలకల గనిలో కొన్నేళ్ళు రాయి కొట్టి, ఆ దుమ్ము పడక మా శాఖలోకి వచ్చాడు. మూడోవాణ్ణి నేను.

ఇక నా రహస్యం చెప్పాలి. నాకు మందులు తెలుసు, మొక్కలు తెలియవు. కళ్ళకు గంతలు కట్టి ఏ చూర్ణం డబ్బా మూత తీసినా వాసన చూసి పేరు చెప్పేవాణ్ణి. అశ్వగంధ అంటే నా మనసులో ఒక లేత మట్టిరంగు పొడి, దాని మీద ఎర్ర మూత. ఆ పొడి పొడి కాకముందు నేల మీద ఎలా నిలబడి ఉండేదో తెలుసుకోవలసిన అవసరం పాతికేళ్ళుగా నాకు పడలేదు. డాక్టరమ్మ నా కంటే నయం. కాలేజీలో ఎండబెట్టి కాగితాలకు అతికించిన మొక్కలు చూసింది. పచ్చగా, గాలికి ఊగుతూ ఉంటే మాత్రం ఆమెకూ అన్నీ ఒకటే. ఈ సంగతి ఒకరి గురించి ఒకరికి తెలియకుండా ఇద్దరం చాలా జాగ్రత్తగా నెట్టుకొస్తున్నాం.

మొక్కలు నిజంగా తెలిసిన మనిషి వారానికోసారి మా ఆస్పత్రికి వచ్చేది. గూడెంలో ఉండే చెంచు అవ్వ. ప్రతి బుధవారం మోకాళ్ళ నొప్పులని వచ్చి, మేమిచ్చిన తైలం తీసుకుని, దాన్ని కోడలికి తలకు రాసుకోమని ఇచ్చి, తాను మాత్రం పక్క ఊరి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునేది. అడవి నిండా మందులే కదా, నీకు సూది ఎందుకవ్వా అని ఒకసారి అడిగాను.

"ఆ ఆకులు నన్ను పుట్టినప్పటిసంది చూస్తాండాయి సామీ. నా మాట ఇనవు. సూది కొత్తది గదా, భయపడి పనిచేస్తాది" అంది.

ఇలా ఉండగా ఎండాకాలం మొదట్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. స్థలం ఉన్న ప్రతి ఆస్పత్రిలో ముప్పై రకాల మూలికలతో తోట పెంచాలి. ఉత్తర్వు వెనకే మొక్కల వ్యాను కూడా వచ్చేసింది. నల్ల కవర్లలో మొక్కలు, వాటి మెడలకు దారంతో కట్టిన కాగితం చీటీలు. దారిలో డ్రైవరు పాపం మంచివాడు, ఎండకు వాడిపోతాయని పైనుంచి నీళ్ళు చల్లుతూ తెచ్చాడు. సగం చీటీల మీద సిరా కరిగి నీలం మరకలు మాత్రం మిగిలాయి. మిగతా సగాన్ని, మేము ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడిన సమయంలో మేకలు చూసుకున్నాయి.

డాక్టరమ్మ నన్ను తోట ఇన్‌ఛార్జిగా నియమిస్తూ కాగితం రాసి ఇచ్చింది. నేను అలమారలోంచి బొమ్మల పుస్తకం తీశాను. అందులో బొమ్మలన్నీ ఎవరో ఒకే ఆకును దగ్గర పెట్టుకుని గీసినట్టుండేవి. ఇది తిప్పతీగ కావచ్చు, ఇది శతావరి అయి ఉండాలి అని మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పేర్లు పెట్టాం. నేను ఏ పేరు చెప్పినా ఆమె "అంతేనండీ" అనేది. ఆమె ఏది చెప్పినా నేను "అవును మేడం" అనేవాణ్ణి. అంత సఖ్యంగా ఏ ఆఫీసులోనూ పని జరిగి ఉండదు.

పేర్ల బోర్డులు రేకువి చేయిద్దామంటే అటెండరు ఒప్పుకోలేదు.

"రేకు రెండేండ్లకు తుప్పు పడతాది సార్. మా ఊరి రాయి తెస్తా. మీ మనమలు కూడా చదువుకుంటారు."

అన్నట్టే మార్కాపురం నుంచి ముప్పై నల్ల పలక రాళ్ళు ఆటోలో తెచ్చాడు. తెల్ల పెయింటుతో ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి, ఒక్కో మొక్క ముందు ఒక్కో పలక పాతాడు.

మే నెల సగం గడిచేసరికి పలకలు మిగిలాయి. మొక్కల్లో రెండో మూడో తప్ప అన్నీ పోయాయి. తాగే నీళ్ళకే కొట్లాడుకునే ఊళ్ళో మొక్కలకు పొయ్యమని ఎవరిని అడుగుతాం? ఒక సాయంత్రం అటెండరు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ వరసలన్నీ చూసి, "మా కబరస్తాన్ కూడా ఇంత పద్ధతిగా ఉండదు సార్" అన్నాడు.

అప్పుడు వాన పడింది. ఒకటి కాదు, వరసగా మూడు వానలు. వారం తిరిగేసరికి ప్రతి పలక కింద పచ్చగా ఏదో ఒకటి లేచింది. పొద్దున్నే వచ్చి చూసిన డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చచ్చిపోయాయనుకున్నామండీ. వేళ్ళు బతికే ఉన్నాయన్నమాట" అంది.

నేనూ నమ్మాను. అశ్వగంధ పలక కింద లేచిన మొక్కను చూసి అటెండరు మాత్రం, "ఇది వంకాయ నారు మాదిరుంది సార్" అన్నాడు. అశ్వగంధా వంకాయా ఒకే కుటుంబమని డాక్టరమ్మ సంతోషంగా వివరించింది. ఆ ముక్క నిజమే.

ఆ రోజు నుంచి నేను రోజూ ఉదయం గంటసేపు కలుపు తీసేవాణ్ణి. ఏది మందో ఏది కలుపో ఎలా తెలిసిందంటారేమో. పలకకు దగ్గరగా ఉన్నది మందు. దూరంగా ఉన్నది కలుపు. పీకింది పీకినట్టు కంప అవతల పారేసేవాణ్ణి. బుధవారాల్లో అవ్వ వచ్చి వెనక అరుగు మీద కూర్చుని నన్ను చూస్తూ ఉండేది. ఏమీ అనేది కాదు. పోయేటప్పుడు కంప అవతల వంగి ఏదో ఏరుకుంటుంటే, పొయ్యిలోకి పుల్లలేమో అనుకున్నాను.

డాక్టరమ్మ ఫోనులో ఫొటోలు తీసి శాఖ గ్రూపులో పెట్టింది. చప్పట్ల బొమ్మలు చాలా వచ్చాయి. వాటితోపాటు ఒక కబురు కూడా వచ్చింది. ఒంగోలు నుంచి పెద్ద ఆఫీసరు మా తోట చూడడానికి వస్తున్నాడు. అసలు సంగతి ఇంకొకటుంది. మా ఆస్పత్రికి జనం చాలడం లేదని మండల కేంద్రానికి తరలించే ఆలోచన అప్పటికే నడుస్తోంది. ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఈయన చూసి రాసేదాన్ని బట్టి ఉంటుందని మాకు తెలిసింది. ఊళ్ళో ముసలివాళ్ళకు గాభరా పుట్టింది. రోజుకు రెండుసార్లు వచ్చే బస్సెక్కి, కీళ్ళ నొప్పుల తైలం కోసం కీళ్ళు నొప్పి పుట్టేలా పోయిరావడం వాళ్ళ వల్ల అయ్యేది కాదు.

ఊరి తరఫున మాట్లాడే బాధ్యత పంచాయతీ ప్రెసిడెంటు తీసుకున్నాడు. మంచి వక్త. ఆ ఉపన్యాసాన్ని వారం రోజులు పొలంలో, రచ్చ మీద, టీ కొట్టు దగ్గర గట్టిగా సాధన చేశాడు. సరిగ్గా ఆఫీసరు వచ్చే ముందురోజు సాయంత్రానికి గొంతు పోయింది. చుట్టరికం లేకపోయినా వరస కలిపి నన్ను బావా అని పిలిచేవాడు.

"బావా, మాట రావడంలా. ఏమన్నా చూడు" అని గుసగుసగా అన్నాడు.

గొంతుకు అతిమధురం మంచిది. డబ్బాలో చూస్తే పొడి అయిపోయింది. తోట గుర్తొచ్చింది. అతిమధురం పలక కింద చిన్న చిన్న ఆకులు జంటలు జంటలుగా ఉన్న మొక్క ఏపుగా పెరిగి ఉంది. పుస్తకంలో బొమ్మ కూడా అచ్చం అలాగే ఉంది. అతిమధురంలో వాడేది వేరు అని నాకు తెలుసు. అయినా సొంతంగా పెంచిన మొక్కతో వైద్యం చేయాలన్న ముచ్చట నన్ను ఆగనివ్వలేదు. పెద్ద గుప్పెడు ఆకు కోసి ఇచ్చాను. ఆయన అక్కడే నమిలాడు.

"తియ్యగా లేదే బావా."

"లేత మొక్క గదా. తీపి ఇంకా దిగలేదు."

"ఇంకో గుప్పెడు తినేదా?"

"తిను. సొంత తోటే గదా."

మర్నాడు బుధవారం. పది గంటలకు ఆఫీసరు వచ్చాడు. భారీ మనిషి, నెమ్మదస్తుడు. షామియానా కింద కూర్చోబెట్టాం. ప్రెసిడెంటు లేచి నమస్కారం పెట్టి, "అయ్యా, ఈ ఆస్పత్రి మా ఊరికి..." అని ఆగిపోయాడు. మొహం ఒకలా అయింది. పెదవులు బిగించి, తల వంచుకుని గబగబా వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "మా ఊరికి ఈ ఆస్పత్రి..." అన్నాడు. మళ్ళీ అదే. మూడోసారి నోరు తెరవకుండానే వెనక్కి తిరిగాడు.

"పాపం, ఊరి మీద ఎంత ప్రేముంటే అట్ల దుఃఖం పొంగుకొస్తాది" అని ఆఫీసరు కదిలిపోయాడు. నేను కూడా అదే అనుకున్నాను.

తర్వాత తోట చూపించాం. ఆయన ఒక్కో పలక దగ్గర ఆగి, పేరు పైకి చదివి, చేతిలోని లిస్టులో టిక్కు పెట్టుకుంటూ నడిచాడు. డాక్టరమ్మ వెంట శ్లోకాలు చదువుతోంది. అటెండరు ప్రతి పలకనూ మోచేత్తో ఒకసారి తుడుస్తున్నాడు. అంతా నున్నగా జరిగిపోతోంది. అశ్వగంధ దగ్గర ఆఫీసరు ఆగాడు.

"దీని గురించి చాలా విన్నానండి. నీరసానికి మంచిదంటారు గదా" అని ఒక లేత ఆకు తుంచాడు.

"కొంచెం చేదుంటుంది సార్" అన్నాను, తిని చూసినవాడిలా.

ఆయన ఆకు నోటి దాకా తీసుకుపోయాడు. అంతలో ఎక్కడి నుంచి వచ్చిందో అవ్వ ముందుకు వచ్చి ఆయన చేతి మీద చెళ్ళున కొట్టింది. ఆకు కింద పడింది. ఒంగోలు ఆఫీసరును కొట్టడం అందరం చూశాం.

"ఉమ్మెత్త నాయనా అది" అంది అవ్వ. "నాలుగాకులు నమిలితే నీ పేరు నీకు తెలీదు. ఇంకో నాలుగు నమిలితే మాకు నువ్వుండవు. చెయ్యి కడుక్కో పో."

అటెండరు చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఆఫీసరు మోచేతుల దాకా కడుక్కున్నాడు. ముందురోజు ప్రెసిడెంటు గొంతు పోయిందని కాక, నీరసంగా ఉందని వచ్చి ఉంటే నేను ఏ పలక దగ్గరికి నడిచి ఉండేవాణ్ణో అప్పుడే తోచింది. ఇంత నవ్వుతాలు కథలో నాకు ఇప్పటికీ నవ్వు రానిది ఆ ఒక్కచోటే.

ఆఫీసరు చేతులు తుడుచుకుని, తర్వాతి పలక ముందుకు పోయి నిలబడ్డాడు. ఈసారి పేరు చదవలేదు.

"ఇదేందవ్వా?"

"ఉత్తరేణి."

పలక మీద సర్పగంధ అని ఉంది.

"ఇది?"

"కుప్పింట. పిల్లోళ్ళ దగ్గుకు పనికొస్తాది." అది శతావరి పలక.

అలా వరసంతా నడిచారు. చదువు రాని అవ్వ మొక్కలు చూసి చెబుతుంటే, మొక్కలు తెలియని మేము పలకలు చూసి తల దించుకుంటూ వెనక నడిచాం. అతిమధురం దగ్గరికి వచ్చేసరికి నేను అందరి వెనక్కి జరిగాను.

"ఇది నేల తంగేడు నాయనా. కడుపు జాడించేదానికి. సాయంత్రం నాలుగాకులు చాలు. గుప్పెడు తిన్నోడు తెల్లారి చెంబు కింద పెట్టలేడు."

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు నాలుగోసారి తిరిగి వస్తున్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన పలక చూశాడు, మొక్క చూశాడు, నన్ను చూశాడు.

"బావా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన గొంతు పూర్తిగా బాగయిందని ఊరందరికీ తెలిసింది.

ఆఫీసరు అవ్వను అడిగాడు. "ఇన్ని దినాలుగా చూస్తాండావు గదా. వీళ్ళకు చెప్పచ్చు గదా?"

"నన్నెవురూ అడగలేదు నాయనా. మేకలకని పెంచుతాండారేమో అనుకొన్నా. ఈ సామి దినామూ నేల ఉసిరి, గుంటగలగర అంతా పీకి కంప బయటికి ఇసురుతాంటే, పోనీలే, దానం చేస్తాండాడని ఏరుకొని పోతాంటి."

డాక్టరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. మొహం పాలిపోయి ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది.

"సార్, ఆస్పత్రి బాధ్యత నాది. ఈ మొక్కలు నాకు తెలియవు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. తప్పు నాదండి."

ఆ పిల్ల నా కూతురి కంటే చిన్నది. నేను ఇంక ఎలా ఊరుకుంటాను?

"ఇన్‌ఛార్జి నేను సార్. తప్పు నాది. ప్రెసిడెంటు గారికి ఆకు ఇచ్చింది కూడా నేనే" అన్నాను.

అటెండరు కూడా ముందుకొచ్చాడు.

"పలకలు మాత్రం నావి సార్. పలకల్లో తప్పు లేదు."

ఆఫీసరు వెళ్ళి షామియానా కింద కుర్చీలో కూలబడ్డాడు. కోపంతో భుజాలు అదురుతున్నాయనుకుని దగ్గరికి పోతే, ఆయన నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుని, చేతిలోని లిస్టు చూపించాడు.

"ఈ ముప్పైలో నాకు తెలిసినవి తులసి, వేప, కలబంద. కలబంద కూడా మా ఆవిడ మొహానికి రాసుకుంటాది కాబట్టి తెలుసు. పలకలు లేకపోతే నేనేం తనిఖీ చేస్తాను?"

తర్వాత అవ్వను పిలిచి, ఆస్పత్రి ఇక్కడి నుంచి తీసేస్తే నీకు ఇబ్బందేనా అని అడిగాడు.

"నాకేం ఇబ్బంది నాయనా, నేను సూదికి పోతా. వీళ్ళను ఇంకో ఊరికి పంపితే మాత్రం యాడ ఏం జేస్తారో ఏమో. ఈడుంటే కనీసం నేను చూసుకుంటాంటా."

నాలుగు వారాలకు కాగితం వచ్చింది. తరలింపు ప్రస్తుతానికి ఆపారు. తోటలో సహజంగా మొలిచిన మూలికలను అలాగే ఉంచాలి, వాటిని స్థానికంగా ఎరిగిన వ్యక్తి సాయంతో గుర్తించి పేర్లు సరిదిద్దాలి, ఉమ్మెత్తను తక్షణం తొలగించాలి. నాకు ఒక మెమో కూడా వచ్చింది. అది రావలసిందే.

రాతి పలకలన్నీ దండగైపోయాయని నేను బాధపడుతుంటే అటెండరు కిరసనాయిలు గుడ్డతో అతిమధురాన్ని రుద్దుతూ, "పలకంటేనే చెరిపి రాసేది గదా సార్" అన్నాడు. ముప్పైలో పదకొండే మళ్ళీ పాతాం. మిగతావి ఆస్పత్రి మెట్లకు వాడాం. శతావరి మీద కాలు పెట్టి రోగులు లోపలికి వచ్చేవాళ్ళు.

పాఠం చెప్పడానికి అవ్వ ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది. బుధవారం వచ్చినప్పుడు డాక్టరమ్మ ముందు తన మోకాలు చూడాలి, అది కూడా గూడెం ఆడవాళ్ళందరి ఎదుట. ఆమె చూసేది, శ్లోకం కూడా చదివేది. అవ్వ అందరి మొహాలూ ఒకసారి కలియజూసి, అప్పుడు లేచి మమ్మల్ని వెంటబెట్టుకుని పోయేది. పేరు ముందు చెప్పేది కాదు. ఆకు తుంచి నలపమనేది, వాసన చూడమనేది, వెనక్కి తిప్పి ఈనెలు చూడమనేది. తప్పు చెబితే తిట్టేది కాదు, జాలిగా చూసేది. అది ఇంకా కష్టంగా ఉండేది. డాక్టరమ్మ తొందరగా నేర్చుకుంది. నేను మొద్దును. రెండు నెలలైనా అవ్వ చెప్పకుండా ఒక్క మొక్కనూ పోల్చలేకపోయాను. ఈ వయసులో నాకిక రాదులే అని మనసులో వదిలేసుకున్నాను.

ఒక శనివారం ఇంటికి పోతూ మార్కాపురం బస్సెక్కాను. ఎర్రగొండపాలెం దాటాక టైరు పంక్చరైంది. అందరితోపాటు దిగి రోడ్డు పక్క గరుకు నేలలో అటూ ఇటూ తిరుగుతున్నాను. కాళ్ళ దగ్గర నేలకు అంటుకుని చిన్న తీగలు, వాటికి గోరంత నీలం పూలు. వంగాను. ఆకు తుంచి నలిపాను. వెనక్కి తిప్పి చూశాను. ఎవరూ చెప్పలేదు, పలక లేదు, పుస్తకం లేదు. పేరు దానంతటది నోట్లోకి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. ఎంతసేపున్నానో తెలియదు. టైరు మార్చడం అయిపోయింది, బస్సు హారన్ కొడుతోంది, కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి కేకేస్తున్నాడు.

"ఏంది పెద్దాయనా, ఏమన్నా పోగొట్టుకొన్నావా?"

"లేదు నాయనా, దొరికింది" అన్నాను. "విష్ణుకాంత."

కండక్టరు అటూ ఇటూ చూశాడు.

"ఆమెను కూడా ఎక్కమను. ఎనకాల సీట్లుండాయి."